బెల్లంలో పెట్టి

ఆబిడ్స్‌లో, జిరాక్స్ కొట్టుకీ గడియారాల మెకానిక్కీ మధ్య
మనిషి పక్కకి తిరిగితేనే పట్టే దుకాణం.
ఇక్రాముద్దీన్ సాబ్ పెన్నులో సిరా నింపి
పాళీని గుడ్డపేలికకి ఒత్తి నా చేతికిచ్చాడు.
అలవాటుగా సంతకం గీయబోయాను.
"సంతకం వద్దు మేడం.
సంతకం ఏ రంగుల చేసినా మంచిగనే ఉంటది.
రోజూ ఏం రాస్తరో అది రాయుండ్రి."

రోజూ ఏం రాస్తాను?
ఇరవై రెండేళ్ళ పశువుల ఆసుపత్రి నౌకరీలో
నా చెయ్యి తనంతట తాను రాసే వాక్యం ఒకటే:
రోజుకొకటి, బెల్లంలో పెట్టి.

రాశాను.
ఆకుపచ్చలో అది సర్కారు ఉత్తర్వు.
నేను గెజిటెడ్ అయిన ఏడు తోటివాళ్ళు కొనిచ్చిన సీసా
ఇంకా సగముంది ఇంట్లో,
కాలనీ పిల్లలు మార్కుల మెమోలు పట్టుకొచ్చి
"గొడ్ల డాక్టరైనా గెజిటెడే కదా ఆంటీ" అంటారు.
ఎరుపులో, బర్రె పరీక్ష తప్పింది.
నలుపులో, మందు పనిచేయదని నాకు ముందే తెలుసు.
టర్కాయిస్‌లో ఎవరిదో పెళ్ళి పిలుపు.
ఇటుకరంగులో తెగని భూమి తగాదా.

అప్పుడు ఆయన కింది అరలోంచి తీశాడు
నేరేడు పండు రంగు సీసా.
"దీన్ని చూస్తరు, కొనరు."
మోజంజాహీ మార్కెట్ ముందు, మొదటి వానల్లో,
బండి మీది ఉప్పునేరేళ్ళు తిని
నాలుక చాపి స్కూటర్ అద్దంలో చూసుకునే రంగు.
అందులో రాస్తే
ఇన్నేళ్ళకి
బెల్లం తియ్యగా కనబడింది.

సాబ్ చాయ్ సాసరు కడిగిన నీళ్ళలో వేలు ముంచి
వరసకో చుక్క వదిలాడు.
టర్కాయిస్ అడక్కముందే ఒప్పేసుకుంది.
ఎరుపు కారిపోయింది.
నేరేడు తొందరపడలేదు,
మబ్బు కమ్మినట్టు మెల్లగా
"రోజుకొకటి"ని మింగింది.
బ్లూబ్లాక్ మాత్రం
బర్రె తోక విసిరినా కదలని కాంపౌండర్‌లా నిలబడింది.
"పనికి ఇది మేడం. పానానికి అది."

రెండూ కొన్నాను.
సోమవారం పానమే నింపుకెళ్ళాను.

మా దగ్గర సిరాకి బతుకు కష్టం.
తడి చేతులు, దూడ చొంగ, చొక్కా జేబు చెమట,
బోరునీళ్ళతో కడిగితే పాళీ మీద తెల్లటి పొక్కు.
బుధవారానికే జంగయ్య వచ్చాడు జియాగూడ నుంచి,
రుమాలు ముడి విప్పి బల్ల మీద చీటీలు పరిచాడు.
"నీలిది పొద్దుగాల ఏస్తున్న.
పచ్చది రాత్రికి.
గీ నేరేడుపండుది ఎప్పుడెయ్యాలె డాక్టరమ్మా?"

అతనికి చదువు రాదని నాకు తెలుసు.
చేతికి ఏ పెన్ను తగిలితే దాంతోనే రాశానని
అతనికి తెలియదు.
ఇరవై రెండేళ్ళ ఆ వాక్యంలో
వేళ లేదు.
అతనే పెట్టుకున్నాడు, రంగు చూసి.
బర్రెలన్నీ ఎట్లనో బతికే ఉన్నాయి.

ఓపీ అయ్యాక సీసాలు కిటికీలో పెట్టుకున్నాను.
పొద్దుటి మందులకి బ్లూబ్లాక్.
రాత్రివాటికి, గెజిటెడ్ హోదాలో మిగిలిన సగం పచ్చ.
ఏ సర్క్యులరూ రాలేదు దీనికి,
కాంపౌండర్ అడిగితే
జంగయ్య ఆర్డరని చెప్పాను.

"మరి నేరేడుది?"
"అది ఎప్పుడైనా వెయ్యొచ్చు జంగయ్యా."
నమ్మలేదు.
ఆ ఒక్క చీటీని వేరే మడిచి
బీడీకట్ట వెనక పెట్టుకున్నాడు.

ఇప్పుడు నేరేడుతో ఇంట్లో పాల లెక్క రాస్తున్నాను,
జంగయ్య పోసే పాలే.
నిన్నటి గీత మీద ఎవరో తడిగిన్నె పెట్టారు.
లీటరు కొట్టుకుపోయింది,
అర మిగిలింది,
చుట్టూ ఊదారంగు గుండ్రటి మరక.
అసలు లెక్క
అతన్నే అడగాలి.